రిబ్బన్ కట్ చేసిన రోజే ఆసుపత్రి పూర్తయినట్టు కాదు

పోస్టు కొంచెం పెద్దదే. ఆదివారమే కదా, బట్టలు ఉతుక్కుని, కూర పొయ్యి మీద పెట్టి తీరిగ్గా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి గానీ, సగంలో ఆపి తిట్టొద్దు.

కొన్నాళ్లుగా మన గ్రూపుల్లో ఒకటే గొడవ. పలాస కిడ్నీ ఆసుపత్రి ఎవరిది? మెడికల్ కాలేజీలు ఎవరు కట్టారు, ఎవరు ఆపారు? ఒకడు శంకుస్థాపన ఫొటో పెడతాడు. ఇంకొకడు మొండి గోడల ఫొటో పెడతాడు. మూడోవాడు ఇద్దర్నీ బూతులు తిడతాడు. ఒకే రూములో ఒకే కుండలో అన్నం తినేవాళ్లు రెండు రోజులు మాట్లాడుకోవడం మానేస్తారు. ఇంత గొడవలోనూ ఒక్కరైనా అడగని ప్రశ్న ఒకటుంది. అసలు ఆసుపత్రి పూర్తయింది అని ఏ రోజున అనాలి?

ఈ ప్రశ్నకు జవాబు లీడర్ల కంటే మనకే బాగా తెలుసని మేము అంటున్నాం. మనం వెల్డర్లం, ఫిట్టర్లం, షట్టరింగ్ వాళ్లం, రాడ్ బెండింగ్ వాళ్లం, స్కఫోల్డింగ్ వాళ్లం. పోర్ట్ క్లాంగ్ చుట్టూ, పులావ్ ఇందా వైపు లేచిన షెడ్లలో, పైపు లైన్లలో మన చెమట ఉంది. పైపు వేసినంత మాత్రాన మన సూపర్‌వైజర్ పని అయిపోయిందని సంతకం పెడతాడా? ప్రెషర్ పెట్టి, గంటలు ఉంచి, ముల్లు కదలకపోతేనే పెడతాడు. వెల్డింగ్ బయటికి ఎంత అందంగా ఉన్నా టెస్టులో పోతే కోసి మళ్లీ కొట్టమంటాడు. ఒక గోడౌన్ పైపుకే ఇంత పరీక్ష ఉంటే, మన అమ్మానాన్నలు పడుకునే ఆసుపత్రికి ఎంత ఉండాలి?

ముందు మనకు కనబడే సంగతి చూద్దాం. ఇక్కడ ఒంట్లో బాగోలేక పరిస్థితి చెయ్యి దాటితే మనం వెళ్లే పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి క్లాంగ్‌లో జలన్ లంగాట్ మీద ఉన్న తెంకు అంపువాన్ రహీమా ఆసుపత్రి. 1985 నాటిది. అప్పటి క్లాంగ్ వేరు, ఇప్పటి క్లాంగ్ వేరు. ఓడరేవు పెరిగింది, ఫ్యాక్టరీలు పెరిగాయి, మనలాంటి వాళ్లం దేశాలు దాటి వచ్చి చేరాం. జనం పెరిగిన లెక్కన మంచాలు పెరగలేదు. 2021 జూలైలో కరోనా ఉధృతంగా ఉన్నప్పుడు ఎమర్జెన్సీలో చోటు చాలక రోగులను బయట పందిళ్ల కింద ఉంచిన ఫొటోలు మనందరి ఫోన్లలోకీ వచ్చాయి. అక్కడి డాక్టర్లు, నర్సుల తప్పు కాదది. వాళ్లు పడ్డ కష్టం మనం చూశాం. పదేళ్ల ముందే లెక్కేసి కట్టాల్సిన మంచాలు ఆ రోజు లేవు, అంతే.

క్లాంగ్ మీద భారం తగ్గించగలిగిన షా ఆలం ఆసుపత్రి సంగతి కూడా వినండి. అది పక్క ఊరే. గడువు మీద గడువు మారి, ఏళ్ల తరబడి ఆలస్యమై, చివరికి 2015లో తెరుచుకుంది. అంటే ఆలస్యం మన ఆంధ్రా జబ్బు మాత్రమే కాదు. మలేసియా ప్రభుత్వంలోనూ దీనికి ఒక పేరుంది. గడువు తప్పి మూలపడిన సర్కారీ పనిని వాళ్లు 'ప్రొజెక్ సాకిత్' అంటారు. సాకిత్ అంటే జబ్బు. ఈ మాట మనకు క్లినిక్‌లో రోజూ వినబడేదే. జబ్బుపడ్డ ప్రాజెక్టు అన్నమాట. ఆసుపత్రి కట్టే పనికే జబ్బు చేస్తే ఇక మనకు మందెవరు ఇస్తారు?

అయితే మేము ఇక్కడి నుంచి నేర్చుకోవాల్సింది ఒకటి ఉందంటున్నాం. ఇక్కడ ఆరోగ్య శాఖకు ఆసుపత్రి కావాలంటే సాధారణంగా కట్టించే బాధ్యత జేకేఆర్ అనే పనుల శాఖ మీద పడుతుంది. కాంట్రాక్టర్ దగ్గర పని విలువలో 5 శాతం పూచీ తీసుకుంటారు. పని వాడుకకు సిద్ధమైందని ఒక సర్టిఫికెట్ ఇస్తారు. కథ అక్కడితో అయిపోదు. ఆ రోజు నుంచి లోపాల గడువు మొదలవుతుంది. ఆ గడువులో కారినవి, పగిలినవి, పనిచెయ్యనివి అన్నీ కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచెయ్యాలి. అన్నీ సరిచేశాడని ఇంకో సర్టిఫికెట్ వచ్చాకే అతనికి పూర్తి విడుదల. మన దేశం కాంట్రాక్టుల్లోనూ లోపాల గడువు ఉంటుంది, డిపాజిట్ పట్టి ఉంచడమూ ఉంటుంది. కాగితం మీద తేడా పెద్దగా లేదు. కానీ మన ఊళ్లో ఆ గడువు ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో, ఎవరైనా అడిగారా? రిబ్బన్ కట్ అయిన రోజే మన దృష్టిలో సినిమా అయిపోతుంది.

కాగితాలు సరిగ్గా ఉన్నంత మాత్రాన సరిపోదనడానికి కూడా ఇక్కడే ఉదాహరణ ఉంది. జొహోర్ బారులో పండాన్ దగ్గర సుల్తాన్ ఇస్మాయిల్ ఆసుపత్రి అని కొత్తగా, ఆధునికంగా కట్టారు. 2004లో తెరిచిన ఏడాదే లోపల బూజు పట్టి రోగులను వేరే చోటికి తరలించాల్సి వచ్చింది. కొత్త బిల్డింగే! ఈ దేశపు తేమ మనకు తెలుసు కదా, వారం రోజులు బ్యాగులో పెట్టిన చొక్కా తీస్తే బూజు వాసన. ఏసీ డక్టుల్లో గాలి, తేమ లెక్క తప్పితే ఆపరేషన్ థియేటర్‌కీ అదే గతి. గోడ నిలబడితే చాలు అనుకునే పని కాదు ఆసుపత్రి. గాలి, నీళ్లు, కరెంటు, ఆక్సిజన్ పైపు, మురుగు, ఈ ఐదూ పనిచేస్తేనే అది ఆసుపత్రి. లేకపోతే కిటికీలున్న గోడౌన్.

ఇప్పుడు మన ఉద్దానం సంగతికి వద్దాం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఈ మండలాల వాళ్లం ఇక్కడ ఎంతమందిమి ఉన్నామో మనకే తెలుసు. కొబ్బరి తోట, జీడి తోట ఉన్న ఊళ్ల నుంచి ఎందుకొచ్చామంటే ఒక్కొక్కరిదీ ఒక్కో కథ. కానీ చాలా కథల్లో ఒకటే మాట వస్తుంది: ఇంట్లో కిడ్నీ జబ్బు. కారణం ఇదీ అని డాక్టర్లు, శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఒక్క మాటగా తేల్చలేదు. నీళ్లా, ఎండలో పనా, మందులా, ఇంకేదైనానా అని పరిశోధనలు జరుగుతూనే ఉన్నాయి. ఇళ్లల్లో అప్పు మాత్రం ఆగలేదు. ఏళ్ల తరబడి మనోళ్లు విశాఖ కేజీహెచ్‌కి రైలెక్కారు. వెళ్లడానికో రోజు, రావడానికో రోజు, తోడు వెళ్లినవాడి కూలీ పోయిన రోజులు వేరే.

అందుకే పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రికి 2019 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగినప్పుడు ఇక్కడ మనందరం సంబరపడ్డాం. 2023 డిసెంబరు 14న జగన్మోహన్ రెడ్డి దాన్ని ప్రారంభించారు. అదే రోజు హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి తాగునీళ్లు తెచ్చే 700 కోట్ల పథకాన్నీ ప్రారంభించారు. నాలుగేళ్ల పైన పట్టింది. మధ్యలో కరోనా వచ్చింది కాబట్టి మరీ ఆలస్యమని మేము అనం. కట్టినందుకు మెచ్చుకోవాల్సిందే. 2024లో ప్రభుత్వం మారింది. ఇప్పుడు నడపాల్సిన బాధ్యత చంద్రబాబు నాయుడు ప్రభుత్వానిది. మొదటివాళ్లు కట్టి వదిలేశారు అని వీళ్లు, మేము కట్టినదాన్ని వీళ్లు నడపట్లేదు అని వాళ్లు అంటే మన ముసలమ్మకు డయాలసిస్ జరగదు.

ఒక చిన్న లెక్క చెప్తాం. డయాలసిస్ మెషిన్‌లో ఒక మనిషికి నాలుగు గంటలు రక్తం శుద్ధి చేస్తారు. నిమిషానికి సుమారు అర లీటరు చొప్పున ద్రావణం తిరుగుతుంది. అంటే 240 నిమిషాలకు 120 లీటర్ల శుద్ధమైన నీళ్లు, ఒక్క మనిషికి, ఒక్కసారికి. ఒక మెషిన్ మీద రోజుకు మూడు షిఫ్టులు నడిస్తే 360 లీటర్లు. అలాంటివి 40 మెషిన్లు ఉన్నాయనుకోండి, రోజుకు 14,400 లీటర్లు. ఇది శుద్ధి అయ్యాక మిగిలే నీళ్ల లెక్క. ప్లాంటులోకి వెళ్లాల్సిన నీళ్లు ఇంకా ఎక్కువ, ఎందుకంటే కొంత వృథాగా బయటికి పోతుంది. ఇప్పుడు చెప్పండి, కిడ్నీ ఆసుపత్రికి ముందు పడాల్సింది ఏంటి? పోర్టికో గ్రానైటా, నీళ్ల లైనా? ఆసుపత్రినీ నీళ్ల పథకాన్నీ ఒకే రోజు ప్రారంభించడం మంచి ఆలోచనే. ఆ రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఏడాది పొడుగునా నడుస్తున్నాయా అన్నదే అసలు పరీక్ష. ఇక్కడ 2020 సెప్టెంబరులో నది నీళ్లు పాడై సెలంగోర్ అంతా కుళాయిలు ఆగినప్పుడు బకెట్లతో ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన రోజులు పాతకాపులకు గుర్తుండే ఉంటాయి. మనం స్నానం మానుకున్నాం. డయాలసిస్ మానుకోవడం కుదరదు.

కరెంటూ అంతే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మన పలాస, వజ్రపుకొత్తూరు మీదుగానే పోయింది. కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ వరసగా పడ్డాయి. అలాంటి చోట ఆసుపత్రి కడితే జనరేటర్ ఎంత ఎత్తున పెట్టారు, డీజిల్ ఎన్ని రోజులకు నిల్వ ఉంటుంది, నెలకోసారైనా దాన్ని లోడు మీద నడిపి చూస్తున్నారా అని అడగాలి. ఈ ప్రశ్న అడగడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. సైట్‌లో జనరేటర్ ఆపరేటర్‌గా పనిచేసిన ఏ తమ్ముడైనా అడగగలడు.

తెలంగాణ అన్నలు, మీ సంగతీ చెప్పాలి. వరంగల్‌లో పాత సెంట్రల్ జైలు కూల్చి, ఆ స్థలంలో 24 అంతస్తుల ఆసుపత్రికి 2021 జూన్ 21న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ శంకుస్థాపన చేశారు. మొదటి అంచనా 1,100 కోట్లు. 2024 జూన్‌లో రేవంత్ రెడ్డి వెళ్లి చూసి, అది 1,700 కోట్లు దాటడం ఎలా జరిగిందని అడిగి, ఆడిట్ చెయ్యమన్నారు. ఆడిట్ మంచిదే. కానీ ఖర్చు పెరగడానికి రెండు దారులుంటాయి. ఒకటి దొంగతనం. రెండోది, పని మొదలయ్యాక డ్రాయింగ్ మార్చడం. మనం సైట్‌లో ఎన్నిసార్లు చూడలేదు? గోడ కట్టాక ఇక్కడ తలుపు కావాలంటారు. స్లాబు వేశాక పైపుకి బొక్క కొట్టమంటారు. ఆసుపత్రిలో ఇది ఇంకా ఎక్కువ. స్కానింగ్ మెషిన్ ఏ కంపెనీదో తేలకుండానే దాని గది కడతారు. మెషిన్ వచ్చాక తలుపు పట్టదు, బరువుకు ఫ్లోర్ చాలదు. మళ్లీ కొట్టు, మళ్లీ కట్టు, మళ్లీ బిల్లు. ఆడిట్ చేసేవాళ్లు ఈ రెండింటినీ విడదీసి చెప్పాలి. లేకపోతే అది ఆడిట్ కాదు, పాత ప్రభుత్వం మీద పోస్టరు.

హైదరాబాద్ ఉస్మానియా ఇంకో రకం. నిజాం కాలపు బిల్డింగ్, 1925 నాటిది. కొత్తది కట్టాలన్న మాట 2015 నుంచీ నడుస్తోంది. పాతది కూల్చాలా ఉంచాలా అని కోర్టుల దాకా వెళ్లింది. 2020 జూలైలో వానకు వార్డుల్లోకి మురికి నీళ్లొచ్చి, మంచాల కింద పారాయి. కొత్త ఆసుపత్రికి గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది 2025 జనవరి 31న. నిర్ణయానికే పదేళ్లు. కట్టడానికి పట్టే కాలం అందరూ లెక్కేస్తారు. నిర్ణయానికి పట్టే కాలం ఎవరి ఖాతాలో వెయ్యాలి?

ఇక ఆంధ్రాలో 17 మెడికల్ కాలేజీలు. 2021 మేలో ఒకేసారి 14 చోట్ల శంకుస్థాపన చేశారు. 2023 సెప్టెంబరులో మొదట 5 కాలేజీలు మొదలయ్యాయి: విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల. మిగిలినవాటిలో పదింటిని ప్రైవేటు భాగస్వామ్యంతో చెయ్యాలని 2025 సెప్టెంబరులో కొత్త ప్రభుత్వం నిర్ణయించింది. దాని మీదే ఇప్పుడు మన గ్రూపుల్లో యుద్ధం. మా మాట సూటిగా చెప్తాం. ప్రజల భూమి మీద లేచే ఆసుపత్రి ప్రజల చేతిలోనే ఉండాలి, పేదవాడి మంచం ఎవడి లాభం లెక్కలోకీ పోకూడదు. అదే నోటితో ఇంకోటి కూడా అంటాం. డబ్బు ఏడాదికి ఎంత వస్తుందో తేలకుండా అన్ని చోట్లా ఒకేసారి పునాదులు తవ్వితే, అన్ని చోట్లా కొంచెం కొంచెం లేచి ఆగిపోతాయి. ఉన్న సిమెంటుతో పది ఇళ్లకు పునాది వేసేవాడు మేస్త్రీ కాదు. ఒక ఇంటికి కప్పు వేసి రెండో ఇంటికి పోయేవాడు మేస్త్రీ.

డబ్బు దగ్గరే అసలు ముడి ఉంది. సర్కారీ పనిలో కాంట్రాక్టర్ పని చేస్తాడు, కొలతల పుస్తకంలో ఎక్కుతుంది, బిల్లు పెడతాడు. ఆ బిల్లు నెలల తరబడి కదలకపోతే? ముందు మెటీరియల్ తగ్గుతుంది. తర్వాత సబ్ కాంట్రాక్టర్ మాయమవుతాడు. చివరికి మేస్త్రీకి, కూలీకి డబ్బు ఆగుతుంది. మనలో కొందరికి ఇది రెండు దేశాల్లోనూ అనుభవమే. పై నుంచి కిందికి నాలుగు చేతులు మారే పనిలో, ఎక్కడ ఆగినా దెబ్బ తగిలేది చిట్టచివరి చేతికి. జీతం రాని వెల్డర్ ఆక్సిజన్ లైన్ అతుకు ఎలా కొడతాడు? మనసు పెట్టి కొడతాడా? అందుకే మేము అనేది, ఆసుపత్రి పనుల బిల్లులు, కూలీల జీతాలు సమయానికి ఇవ్వడం దయ కాదు, రోగి భద్రత. మన దేశంలో కట్టడాల ఖర్చు మీద 1 శాతం సెస్సు కార్మికుల సంక్షేమానికని వసూలు చేస్తారు. ఆసుపత్రి కట్టిన కూలీకి అందులోంచి ఏం అందిందో కూడా అడగాలి. కట్టినవాడే ఆ గుమ్మం ముందు డబ్బుల్లేక నిలబడితే అంతకంటే సిగ్గేముంది?

తర్వాత మనుషులు. గోడలు లేవడానికి మూడేళ్లు పడితే, ఆ మూడేళ్లూ డాక్టర్, నర్సు, టెక్నీషియన్ పోస్టుల ఫైలు ఎక్కడుంది? ఒక డయాలసిస్ టెక్నీషియన్ తయారవడానికీ కాలం పడుతుంది. కిడ్నీ స్పెషలిస్టు పలాసలో ఉండాలంటే క్వార్టర్స్ కావాలి, పిల్లలకు బడి కావాలి, జీతం సమయానికి రావాలి. బిల్డింగు ఒక శాఖ, పోస్టులు ఇంకో శాఖ, డబ్బు మూడో శాఖ. ఈ ముగ్గుర్నీ ఒక దారిలో నడిపే మనిషి ఒక్కడుండాలి, అతని పేరు జనానికి తెలియాలి. మన సైట్‌లో ప్రమాదం జరిగితే ఎవర్ని పిలవాలో బోర్డు మీద రాసుంటుంది. ఆసుపత్రి ఆగితే ఎవర్ని పిలవాలో ఎందుకు రాయరు?

చివరిది, కట్టాక చూసుకోవడం. 2016 అక్టోబరు 25న జొహోర్ బారులో సుల్తానా అమీనా ఆసుపత్రి ఐసీయూలో మంటలు లేచి ఆరుగురు రోగులు చనిపోయారు. కదలలేని మనిషి పడుకున్న చోట నిప్పు లేస్తే పరుగెత్తమని ఎవరికి చెప్తాం? కొత్త బిల్డింగుకు కోట్లు ఇస్తారు, పాత వైరింగ్ మార్చడానికి లక్షలు ఇవ్వరు. ఎందుకంటే వైరింగ్ మార్చినందుకు రిబ్బన్ ఉండదు, ఫొటో ఉండదు.

కొందరు తమ్ముళ్లు అంటారు: "అన్నా, ఇక్కడ మనకే దిక్కు లేదు, ఊళ్లో ఆసుపత్రి గురించి ఎందుకు?" నిజమే, ఇక్కడ మనం పరాయివాళ్లం. ఈ దేశపు మనిషికి సర్కారు దవాఖానాలో చీటీ 1 రింగిట్, మనకు దానికి ఎన్నో రెట్లు. అడ్మిట్ అయితే ముందు డిపాజిట్. 2019 నుంచి పనిలో దెబ్బ తగిలితే సొక్సో రక్షణ మనకూ వచ్చింది, అది మంచిదే. కానీ వయసు మీద పడ్డాకో, జబ్బు ముదిరాకో మన పర్మిట్ అయిపోతుంది. అప్పుడు దిగేది పలాస స్టేషన్‌లోనో, వరంగల్ స్టేషన్‌లోనో. మనం పంపే రింగిట్లలో ఎంత భాగం ఇంటికి పోతోంది, ఎంత భాగం ప్రైవేటు ఆసుపత్రి కౌంటర్‌కి పోతోంది, ఒక్కసారి మీ ఇంట్లో వాళ్లనే అడగండి. ఊళ్లో సర్కారు ఆసుపత్రి సరిగ్గా నడిస్తే మనలో కొందరం రెండేళ్లు ముందే ఇంటికి పోగలం. ఇది రాజకీయం కాదు, మన టికెట్టు తేదీ.

కాబట్టి ఇక నుంచి ఎవరు ఏ ఆసుపత్రి ఫొటో పెట్టినా, పార్టీ పేరు వదిలేసి ఈ ఆరు ప్రశ్నలు అడుగుదాం.

ఒకటి, నీళ్లు, కరెంటు, ఆక్సిజన్, ఏసీ, మురుగు లైన్లు పూర్తి లోడు మీద పరీక్ష చేసిన కాగితం ఉందా?

రెండు, ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, ఈ రోజున ఎంతమంది డ్యూటీలో ఉన్నారు?

మూడు, కాంట్రాక్టర్ బిల్లులు ఎన్ని నెలలుగా ఆగాయి, కూలీలకు జీతం అందిందా?

నాలుగు, పని మొదలయ్యాక డ్రాయింగ్ ఎన్నిసార్లు మారింది, ఎవరు మార్చారు, దానికి ఎంత పెరిగింది?

ఐదు, లోపాల గడువు ఎప్పటిదాకా ఉంది, ఆలోగా ఏమేం బాగుచేయించారు?

ఆరు, ఏడాదికి మెయింటెనెన్స్‌కి ఎంత డబ్బు కేటాయించారు?

వీటికి జవాబు గ్రూపులో దొరకదు. సమాచార హక్కు చట్టం 2005 నుంచీ ఉంది. జిల్లా ఆఫీసులో దరఖాస్తు పెట్టడానికి ఫీజు 10 రూపాయలు. మనం ఇక్కడున్నా తమ్ముడో, బావమరిదో, చదువుకునే కూతురో అక్కడుంది. ఒక తెల్ల కాగితం మీద ఈ ఆరు ప్రశ్నలూ రాయించి ఇప్పించండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలని చట్టం చెప్తోంది. ఓట్ల కోసం లీడర్లు ఇంటికి వచ్చినప్పుడు కూడా మన ఆడవాళ్లు అదే కాగితం చేతికివ్వాలి.

పలాస వాళ్లు పలాసది, వరంగల్ వాళ్లు వరంగల్‌ది, ఎవరి ఊరి ఆసుపత్రి కాగితం వాళ్లు తెప్పించండి. వచ్చిన జవాబు ఫొటో తీసి ఈ పోస్టు కిందే పెట్టండి. కాగితం అర్థం కాకపోతే మాకు చెప్పండి, కూర్చుని కలిసి చదువుదాం. బూతులు మాత్రం వద్దు. రేపు పొద్దున్న ఐదింటికి అందరం ఒకే బస్సు ఎక్కాలి.